ఉతుకు తొట్టిని బాగుచేసిన బోధకుడు: యాకోబు క్రిస్టియన్ షేఫర్

వేసవి సెలవులకు ముందు మూడు నాలుగు వారములు మా ఆత్మకూరునందు నీళ్లకెంత కటకట యుండునో ఈ సంచికను చదువు తలిదండ్రులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు. భవనాశి ఇసుకదిబ్బగా మారును. బావిలో దింపిన చేద రాతికి తగిలి ఖంగుమనును. పిల్లల బట్టలు చెమటచేతను దుమ్ముచేతను మిక్కుటముగా మాయునదియు ఆ దినములలోనే. రెండు బిందెల నీళ్లతో ఇంటిల్లిపాది బట్టలు ఉతుకవలసిన తల్లి యెట్టి పాట్లు పడునో మా వసతిగృహమునందలి బాలురు శనివారమునాడు కొంత తెలిసికొందురు. ఏలయన నాడు ఎవరి బట్టలు వారే ఉతుకుకొనవలెనని మా నియమము.

అట్టి యొక శనివారమున తొమ్మిదవ తరగతి బాలుడొకడు బండమీద చొక్కాను బాదుచు నడుమ నిలిపి, ఈ పని చేయు యంత్రమును మొట్టమొదట కనిపెట్టిన పుణ్యాత్ముడెవ్వడని మమ్మడిగెను. ఒక్క పేరు చెప్పి ఆ బాలుని తృప్తిపరచుట మాకు సాధ్యము కాలేదు. ఆవిరియంత్రమనగానే జేమ్సు వాట్ పేరును, విద్యుద్దీపమనగానే ఎడిసన్ పేరును బాలురు అప్పగింతురు. ఆ యిద్దరును పూర్వులు చేసినదానిని బాగుచేసినవారేయని తరగతిలో ఎన్నిమారులు చెప్పినను, పరీక్ష పత్రములలో మాత్రము కనిపెట్టినవారనియే వ్రాయుదురు. ఉతుకు యంత్రమునకు అట్టి యొక్క పేరైనను స్థిరపడలేదు. అది పెక్కు చేతులు మారుచు, ఒక్కొక్క చేతిలో కొంచెము కొంచెము బాగుపడుచు వచ్చిన వస్తువు. ఆ చేతులలో నొక జత జర్మనీ దేశపు క్రైస్తవ బోధకునివి. పుట్టగొడుగులను గూర్చియు పురుగులను గూర్చియు వ్రాసిన గ్రంథములచేత శాస్త్రజ్ఞులలో ప్రఖ్యాతుడైన ఆ యాకోబు క్రిస్టియన్ షేఫర్ జీవితమునే ఈ యేటి సంచికకు మేమెన్నుకొంటిమి.

షేఫర్ 1718వ సంవత్సరము మే నెల 31వ తేదీన క్వేర్‌ఫుర్టు అను చిన్న పట్టణమున పుట్టెను. తండ్రి యచ్చటి దేవాలయమున బోధకుడు. షేఫరునకు పదేండ్ల ప్రాయమప్పుడే తండ్రి గతించెను. పెక్కుమంది పిల్లలతో తల్లి లేమి పాలయ్యెను. అయినను బాలుని చదువు ఆగలేదు. 1736లో అతడు హల్లే నగరపు విశ్వవిద్యాలయమున చేరి, చేత డబ్బు లేకయే రెండేండ్లు వేదాంతశాస్త్రము చదివెను.

ఈ హల్లే నగరముతో మన తెలుగువారికి గల సంబంధమును ఇచ్చట ఒక్క మాట చెప్పి ముందునకు పోవుదుము. ఫ్రాంకె పండితుడు స్థాపించిన అనాథశరణాలయమును, పాఠశాలలును ఆ నగరముననే కలవు. అచ్చట చదివిన జీగెన్‌బాల్గు 1706లో డెన్మార్కు రాజు పంపగా తరంగంబాడిలో దిగెను. అతని తరువాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మదరాసులో నుండి తెలుగు నేర్చి, బైబిలును తెలిగించి, 1743లో హల్లేకు మరలిపోయెను. 1746, 1747 సంవత్సరములలో హల్లే ముద్రాక్షరశాలలోనే అతని తెలుగు పుస్తకములు అచ్చుపడెను. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకములవియే. షేఫర్ అప్పటికి హల్లేను విడిచి చాలకాలమైనది గనుక ఆ అక్షరములు కూర్చుటను అతడు చూచియుండడు. అయినను చదువును, చేతిపనిని, పేదల పోషణను ఒక్క కప్పు క్రింద నడపిన ఊరిలో రెండేండ్లు గడపినవాడు తరువాత ఉతుకు తొట్టిని గూర్చి గ్రంథము వ్రాసెననిన మాకు ఆశ్చర్యము తోచలేదు.

1738లో షేఫర్ రేగెన్స్‌బుర్గునకు వచ్చి ఒక వర్తకుని యింట పిల్లలకు చదువు చెప్పు పనిలో కుదిరెను. డాన్యూబు నది యొడ్డుననున్న ఆ నగరము చిన్నదైనను పేరుగలది. పండ్రెండవ శతాబ్దమున కట్టిన రాతి వంతెన నేటికిని అచ్చట నిలిచియున్నది. గ్రహముల గతులను లెక్కగట్టిన కెప్లరు 1630లో ఆ నగరముననే కన్నుమూసెను. 1663 మొదలు 1806 వరకు జర్మను సామ్రాజ్యపు మహాసభ అక్కడనే ఎడతెగక జరిగెను గనుక నానాదేశముల రాయబారులును, వారి పరివారమును ఆ వీథులలో నిండియుండిరి. పిల్లలకు పాఠములు చెప్పుచు మూడేండ్లు గడపిన పిమ్మట, 1741లో షేఫరునకు బోధకోద్యోగము దొరకెను. నాటినుండి మరణపర్యంతము, అనగా దాదాపు అర్ధశతాబ్దము, అతడు ఆ ఊరు విడువలేదు. తమ్ముడు యోహాను గోట్లీబు షేఫరును ఆ నగరముననే వైద్యుడై ప్రసిద్ధి పొందెను.

బోధకుని పని ముగిసిన వేళలలో షేఫర్ పొలములగట్ల వెంటను, అడవులవెంటను, నీటిగుంటల వెంటను తిరుగుచుండెను. వాననీటి గుంటలలో పుట్టి, గుంట యెండగానే మాయమగు నొక చిన్న రొయ్యజాతి ప్రాణిని గూర్చి 1756లో గ్రంథము వ్రాసెను. మా విద్యార్థులు పుస్తకమున చూచియుండిన నీటి ఈగను గూర్చియు వ్రాసెను. రేగెన్స్‌బుర్గు చుట్టుపట్ల దొరకు పుట్టగొడుగులను 1762 మొదలు 1774 వరకు నాలుగు సంపుటములలో, 300కు మించిన రంగుపటములతో ప్రకటించెను. కీటకములకు మూడు సంపుటములు వేరుగ వెలువరించెను. తల కోసిన నత్తకు తల మరల మొలచునని 1768లో ఇటలీ దేశపు స్పలంజాని ప్రకటింపగా, వినినదానిని నమ్మి యూరకుండక, షేఫర్ తానే నత్తలను దెచ్చి, కోసి, కనిపెట్టి చూచెను. నత్తలమీద జాలిగల చిన్న తరగతుల బాలికలు ఈ వాక్యమును దాటవేయవచ్చును. లండను రాయల్ సొసైటీ అతనిని తన సభ్యునిగా చేర్చుకొనెను. డెన్మార్కు రాజు తన సలహాదారుడను బిరుదమును, ఆల్టోనా పాఠశాలయందు గౌరవాచార్య పదమును ఇచ్చెను. ఇవన్నియు అతని గ్రంథముల ముఖపత్రములమీద వరుసగ అచ్చుపడి, గ్రంథనామమునకు చోటు చాలనట్లు చేసినవి. ఆ కాలపు పండితుల అలవాటది.

విస్తరించి చెప్పవలసినది బట్టతో సంబంధించిన అతని రెండు కృషులను. అందు మొదటిది కాగితము. ఆ దినములలో యూరపుఖండమున కాగితమును చింకి నారబట్టలతో చేయుచుండిరి. పాతగుడ్డలేరువారు వీథి వీథి తిరిగి పీలికలు కొనిపోయి మిల్లులకమ్మెడివారు. అచ్చటవానిని నానబెట్టి, రోకళ్లతో దంచి, గుజ్జుచేసి, జల్లెడలతో పొరలు తీయుదురు. అచ్చుపుస్తకములు పెరిగినకొలది పీలికలు చాలకపోయెను. కందిరీగ కట్టెను నమిలి గూడు కట్టుటను చూచినవారు, మనుష్యుడును కట్టెతో కాగితమెందుకు చేయరాదని యప్పటికే తలపోయుచుండిరి. షేఫర్ ఆ తలపును చేతితో పరీక్షించెను. కందిరీగ గూళ్లు, నాచు, గడ్డి, ద్రాక్షతీగ, ముండ్లచెట్లు, ఉర్లగడ్డ మొక్కలు, దేవదారు కాయలు, రంపపుపొట్టు, ఇంటికప్పునుండి తీసిన పాత చెక్కలు, ఇట్టి వానినెల్ల దంచి కాగితము చేయించి, ఆ కాగితపు ముక్కలనే నమూనాలుగా పుస్తకమున కుట్టించెను. 1765 మొదలు 1771 వరకు ఈ గ్రంథము ఆరు భాగములుగా వెలువడెను. ఏ చెట్టుతో చేసిన కాగితమెట్లుండునో చదువరి తన వ్రేళ్లతోనే తడవి చూచుకొనవచ్చును. కట్టెను అరగదీసి గుజ్జుచేయు యంత్రము 1840 తరువాతగాని కెల్లరు అను జర్మను వాని చేతిలో సిద్ధము కాలేదు. నేడు ఈ సంచికను మోయుచున్న కాగితము ఆ త్రోవవెంట వచ్చినదే.

కాగితపు పని సగములోనుండగనే, 1766, 1767 సంవత్సరములలో, అతడు ఉతుకు తొట్టి పని చేపట్టెను. పీలికలకొరకు పాటుపడినవానికి బట్ట యెందువలన పీలిక యగుచున్నదను ప్రశ్న దూరమైనది కాదని మా యూహ.

నాటి జర్మను ఇండ్లలో బట్టలుతుకుట వారము వారము జరుగు పని కాదు. కలిగినవారి యిండ్లలో నెలల తరబడి మాసిన బట్టలను కూడబెట్టి, ఏడాదికి కొన్నిమారులు మహోత్సవమువలె ఉతికెడివారు. కూలికి స్త్రీలు వచ్చెడివారు. పెద్ద తొట్టిలో బట్టలు పేర్చి, పైన గుడ్డ పరచి, కట్టెబూడిద పోసి, దానిమీదుగా మరుగునీళ్లు మరల మరల పోయుదురు. బూడిదలోని క్షారము దిగి మురికిని వదలించును. మన రజకులు చవుడుమన్నులో ముంచి, బాన మీద ఉబ్బ వేయుటకును దానికిని భేదము స్వల్పమే. పిమ్మట చేతులతో పులుముట, కొయ్యతో బాదుట, నదికి మోసికొనిపోయి జాడించుట. మన భవనాశి రేవున ఎండ మాత్రమే శత్రువు. డాన్యూబు రేవున చలికాలమున నీళ్లు గడ్డకట్టుచుండును. మరుగునీళ్లు, క్షారము, మంచు, ఈ మూటి నడుమ ఆ స్త్రీల చేతులు పగిలిపోవుచుండెను. ఈ పనిని గూర్చి విద్వాంసులు పుస్తకములు వ్రాయలేదు. గ్రహములను లెక్కించినవారి నగరముననే ఉతుకుదాని బాధ ఎవరి లెక్కకును ఎక్కలేదు.

యంత్రము అతని సొంత ఊహ కాదు. ఇంగ్లండున యార్క్‌షైరు పనిపిల్ల యని ముద్దుపేరు గల యొక ఉతుకు తొట్టి యుండెను. దాని పటమును 1752లో లండనునందలి జెంటిల్‌మన్స్ మాగజైను ప్రకటించెను. అట్టి తొట్టిని గూర్చిన వార్త షేఫరునకు చేరగా, అతడు వడ్రంగిని పిలిపించి చేయించి, దానిలో బట్టలు వేయించి చూచెను. చూచినపిమ్మట మార్చెను, మార్చిన పిమ్మట మరల చూచెను. సౌకర్యమైనదియు, మిక్కిలి లాభకరమైనదియునగు ఉతుకు యంత్రమని తన గ్రంథమునకు పేరిడి, అది ప్రయోగములలో నిలిచినదనియు, అక్కడక్కడ మార్చి బాగుచేయబడినదనియు ముఖపత్రముననే తెలిపెను. కనిపెట్టినవాడనను గొప్ప నాశింపక, బాగుచేసితినని చెప్పుకొనుటతో తృప్తిపడిన ఆ ముఖపత్రమే మాకు అతని బిరుదములన్నిటికంటె ఎక్కువ నచ్చినది.

ఆ జాతి యంత్రము యెట్లు పనిచేయునో చెప్పుటకు మన యిండ్లలోని చల్లకవ్వమే చాలును. కవ్వమును నిలువుగ కుండలో నిలిపి, త్రాటితో ఇటు నటు త్రిప్పిన పెరుగు చిలుకబడును గదా. కుండకు బదులు చెక్కల పీపావంటి తొట్టిని తలచుకొనుడు. దానికొక మూత. మూత నడుమ రంధ్రముగుండ ఒక నిలువు కొయ్య దిగును. కొయ్య పైకొనకు అడ్డముగ చేతిపిడి. క్రిందికొనకు గుండ్రని పలక; పలక అడుగుభాగమున పొట్టి మేకులు, తలక్రిందుగ నిలిపిన పాలుపితుకు పీటవలె. తొట్టిలో వేడినీళ్లు, సబ్బు, బట్టలు వేసి పిడిని ఇటు కొంత, అటు కొంత త్రిప్పినచో మేకులు బట్టలను పట్టి నీటిలో ఈడ్చును. ఇంతియే.

ఇంత సులభమైన దానిలో బాగుచేయవలసినదేమున్నదని విద్యార్థులడుగవచ్చును. మేమును అట్లే తలచి, నిరుడు చేతిపనుల గదిలో పైతరగతుల బాలురచేత ఇట్టి దొకటి చేయించితిమి. నీళ్లు నిలువచేయు పాత ప్లాస్టిక్ పీపాను సగమునకు కోయించి, వేపకొయ్యతో నిలువుకడ్డీని, తుమ్మకొయ్యతో ఆరు మేకులను అమర్చిరి. మొదటి పరీక్షకు మా పాత పంచె నొకదానిని బలియిచ్చితిమి. మేకుల అంచులు పలుకగానుండుటచే నాలుగు త్రిప్పులకే అది రెండు పంచెలయ్యెను. బాలురు మర్యాదకొరకు నవ్వలేదు. తరువాత మేకులను తరిమెన పట్టించి, ఉప్పుకాగితముతో నునుపు చేయించితిమి.

రెండవమారు బట్ట చిరుగలేదుగాని వేరొక చిక్కు వచ్చెను. పిడిని ఒకే వైపునకు గిరగిర త్రిప్పుట సులభమని బాలురట్లే త్రిప్పిరి. బట్టలన్నియు మోకువలె పెనవేసికొని మేకులకు చుట్టుకొనెను. మురికి మాత్రము వదలలేదు. అప్పుడుగాని ఆ పాతకాలపు తొట్టిలోని కిటుకు మాకు తెలియలేదు. ఒకే దిక్కునకు త్రిప్పినచో కొంతసేపటికి నీళ్లును బట్టలును కలిసియే తిరుగును. కలిసి తిరుగునప్పుడు నీరు బట్ట నేతలోనుండి పారదు. దిక్కు మార్చిన ప్రతిమారును బట్ట ఒకవైపునకు, నీరు మరియొక వైపునకు పోవును. ఆ పెనుగులాటలోనే నీరు పోగుల నడుమ దూరి మురికిని వెడలగొట్టును. సబ్బు జిడ్డును వదలించును. వేడి సబ్బునకు సాయపడును. కదలిక ఆ రెంటిని పోగువద్దకు చేర్చును. బండమీద బాదునప్పుడు జరుగునదియు ఇదే. కాని అక్కడ నీటితోపాటు పోగును, గుండీలును గూడ నలుగును.

మూత యెందుకో మూడవమారు తెలిసినది. మూత లేక త్రిప్పగా సగము నీళ్లు నేలపాలై, మిగిలిన సగము చల్లారెను. బట్టలెన్ని వేయవలెనన్నదియు తేలికైన లెక్క కాదు. క్రిక్కిరియ వేసిన పిడి తిరుగదు. రెండే వేసిన మేకులకందక తప్పించుకొనును. ఇట్లు మా బాలురు నాలుగు శనివారములలో నేర్చిన పాఠములను షేఫర్ తన తొట్టి ముందు నిలిచి, ఉతుకువారిని అడిగి, వడ్రంగికి చెప్పి, ఒక్కొక్కటిగ నేర్చియుండవలెను. అతడు పటముతో సహా ఆ పద్ధతిని అచ్చువేయించుటవలన ఏ ఊరి వడ్రంగియైనను దానిని చూచి చేయగలిగెను. అతని పర్యవేక్షణలోనే 60 తొట్లు తయారైనవని చరిత్రకారులు చెప్పుదురు. ఆ పద్ధతి తొట్లు జర్మనీలో నూరేండ్లకు పైగా వాడుకలో నుండెను.

ఇచ్చట మా మనస్సున నొక సందేహము మిగిలినది. దానిని దాచిపెట్టి షేఫరును పొగడుట న్యాయము కాదు. మిక్కిలి లాభకరమని అతడు గ్రంథమునకు పేరిడెను. లాభమెవరికి? గృహస్థునకు కట్టెలు మిగులును, సబ్బు మిగులును, కూలి మిగులును. ఆ మిగిలిన కూలి యొకతె చేతికి చేరవలసినదే గదా. చేతులు పగులకుండుట ఆమెకును మేలే. కాని పిలుపే రాకపోయిన పగులని చేతులతో ఆమె యేమి వండుకొనును?

మా తొట్టిని చూచుటకు ఒకనాడు మా ఊరి రేవున నలువదేండ్లుగా బట్టలుతుకుచున్న పెద్దాయనను మేము పిలిచితిమి. అతడు పిడిని రెండుమారులు త్రిప్పి చూచి, గళ్ళపట్టీల మురికిని ముందుగ చేతితో సబ్బు రుద్దనిదే ఈ తొట్టి వదలింపదని చెప్పెను. పరీక్షింపగా అతని మాటయే నిజమయ్యెను. పిమ్మట కూర్చుండి తన సంగతి చెప్పెను. వెనుక కాపుల యిండ్లవారు కళ్లమువద్ద ఏటేట మేర గింజలు కొలిచెడివారట. విద్యుద్యంత్రములు ఇంటింటికిని వచ్చినకొద్ది గింజలు తగ్గెను. ఇప్పుడు ఇస్త్రీపెట్టె ఒక్కటే అతని కుటుంబమునకు ఆధారము. అట్లని ఆ యంత్రమును అతడు దూషింపలేదు. రేవున వంగి వంగి తన భార్య నడుము పోయినదనియు, అట్టి యంత్రము నలువదేండ్ల క్రిందట తన యింటికే వచ్చియుండిన బాగుండెడిదనియు చెప్పెను. బాలురు ఆ మాట విని చాలసేపు మాటాడలేదు. యంత్రము చెడ్డదా, మంచిదాయని వాదించువారికి ఆ పెద్దాయన మాటలో మూడవ త్రోవ యొకటి కనబడును: అది ఎవరి చేతిలోనున్నదన్నదియే అతని లెక్క. షేఫర్ గ్రంథము గృహస్థునుద్దేశించి వ్రాయబడినదేగాని, కూలికి వచ్చిన స్త్రీనుద్దేశించి కాదు. అతని కొరత అది. ఆ కాలపు కొరతయు నదియే.

షేఫరునకు తరువాతి సంగతి త్వరగా చెప్పి ముగింతుము. 1782లో ఇంగ్లండున హెన్రీ సిడ్జియరు అనువాడు కొయ్యబద్దలతో చేసిన గుండ్రని బోనును అడ్డముగ నిలిపి, చేతిపిడితో త్రిప్పు యంత్రమునకు హక్కు పొందెను. బట్టలు ఆ బోనులో ఎగసి పడుచు ఉతుకబడును. 1851లో అమెరికాయందు జేమ్సు కింగ్ పీపావంటి యంత్రమునకును, 1858లో హామిల్టన్ స్మిత్ తిరుగుడు యంత్రమునకును హక్కులు పొందిరి. చెరకు గానుగవలె రెండు రోలర్ల నడుమ బట్టను దూర్చి నీరు పిండు సాధనమును ఆ శతాబ్దముననే వ్యాపించెను. 1874లో ఇండియానా రాష్ట్రమున విలియం బ్లాక్‌స్టన్ అను వర్తకుడు తన భార్య జన్మదినమునకు కానుకగా నొక తొట్టిని చేసియిచ్చెనని చెప్పుదురు. అందులో నుండినదేమి? చెక్కపలక, దానికి ఆరు చిన్న మేకులు. పైన పిడిని పళ్లచక్రములకు కూర్చుటయొక్కటియే క్రొత్త. రేగెన్స్‌బుర్గు తొట్టి వెలువడిన నూరేండ్లకును మేకులు మేకులుగనే యున్నవి! నేటి విద్యుద్యంత్రములలో మేకులు పోయినవి, చేయి పోయినది, ఇటు కొంత అటు కొంత తిరుగుట మాత్రము పోలేదు. సందేహమున్నవారు తమ యింటి యంత్రమునకు చెవియొగ్గి వినవచ్చును.

షేఫర్ మాత్రము ఆ తొట్టి వద్దనే నిలిచిపోలేదు. ఓల్టా పండితుడు 1775లో ప్రకటించిన విద్యుత్సాధనమును తెప్పించి పరీక్షించి, మరుసటి యేడే దానిని గూర్చి వ్రాసెను. 1779లో ఆ నగరపు సువార్త సంఘములకు అధ్యక్షుడయ్యెను. పురుగులు, గవ్వలు, ఎండు మొక్కలు, రాళ్లు, యంత్రముల నమూనాలు అతని యింట నిండి, దూరదేశీయులు వచ్చి చూచిపోవు ప్రదర్శనశాల యయ్యెను. 1786వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో, ఇటలీకి పోవుచున్న మహాకవి గోథే తన పేరు దాచి, మోలర్ అను మారుపేరుతో వచ్చి, ముసలి బోధకుని దర్శించి, ఆ వస్తువులను చూచిపోయెను. వచ్చినవాడెవడో ముసలివానికి తెలియలేదు. ఎప్పటివలెనే సొరుగులు తెరచి చూపెను.

1790వ సంవత్సరము జనవరి 5వ తేదీన, 71 యేండ్ల ప్రాయమున, షేఫర్ రేగెన్స్‌బుర్గుననే మరణించెను. పచ్చికబయళ్లలో మొలచు తెల్లని పుట్టగొడుగొకటి, ఆగరికస్ ఆర్వెన్సిస్ అనునది, శాస్త్రగ్రంథములలో నేటికిని అతని పేరు సంక్షేపముగ తోకకు తగిలించుకొనియే యుండును.

మా చేతిపనుల గదిలోని తొట్టి ఇంకను పనిచేయుచున్నది. శనివారములలో చిన్న తరగతుల బాలురు వంతులువేసికొని పిడి త్రిప్పుచున్నారు. గళ్ళపట్టీలను ముందుగ చేతితో రుద్దుట పెద్దాయన మాట ప్రకారము నియమమైనది. నీళ్లు బండమీదికంటె తక్కువే పట్టుచున్నవిగాని, జాడించుటకు మరల బావికే పోవలసియున్నది. ఆరు మేకులలో నొకటి క్రిందటి నెలలో విరిగినది. సెలవులకు ముందే దానిని మార్పింపవలెను.